క్యాలెండర్‌కెక్కని పిలుపు

క్యాలెండర్‌లో లేని పనికి ఏ తలుపూ తెరుచుకోని కాలం అది. ఇంటి తలుపైనా అంతే, ఆఫీసు తలుపైనా అంతే.

మంచినీళ్ళ ప్లాంటులో ఉద్యోగానికి శుక్రవారం పదకొండింటికి ఇంటర్వ్యూకి రమ్మని ప్రమీలకు మెయిల్ వచ్చింది. క్యాలెండర్‌లోకి మాత్రం ఎక్కలేదు. మళ్ళీ పంపించుకుంది, ఫోను ఆపి తిరిగి ఆన్ చేసింది, పాత మెయిళ్ళన్నీ తుడిచేసింది. లాభం లేకపోయింది.

శుక్రవారం పొద్దున్నే క్యాలెండర్‌ని నిలదీసింది.

"నా ఇంటర్వ్యూ ఎందుకు తీసుకోవు?"

"అది రాహుకాలమండీ. ఆ వేళలో ఏ పనీ రానివ్వద్దని గృహప్రవేశం నాడు పెద్దమ్మగారు చెప్పారు. ఆవిడే మార్చాలి."

పప్పు కడుగుతున్న అత్తగారు కాంతమ్మ తలెత్తలేదు. "మీ మంచికే చెప్పాను."

"అత్తయ్యా, ఈ ఉద్యోగం నేను వదులుకోను. తలుపు తెరుచుకోకపోతే కిటికీలోంచి దూకి వెళ్తాను."

కాంతమ్మ కోడలి మొహం చూసి చేతులు తుడుచుకుంది.

"రాహుకాలం రాకముందే గడప దాటితే దోషం లేదు. ఏమయ్యా క్యాలెండరూ, మా కోడలు ఇంటర్వ్యూకి పదింటికే బయలుదేరుతోంది. రాసుకో."

క్యాలెండర్ రాసుకుంది. తలుపు తెరుచుకుంది.

పదీ పావుకి ఆఫీసు చేరేసరికి అక్కడ అటెండరు ఒక్కడే ఉన్నాడు. "ఇంటర్వ్యూ చేసే మేడం ఇంకా ఇంట్లోనే ఉన్నారమ్మా. ఆవిడ క్యాలెండర్‌కీ పిలుపు చేరలేదంట."

ప్రమీల కుర్చీ లాక్కుని కూర్చుంది. మేడంకి ఫోను కలపమంది.

"మేడం, ఒక్క నిమిషం ఫోను మీ అత్తగారికిస్తారా?"