ఎదుటి కుర్చీలో దగ్గు

మళ్ళీ దగ్గింది ఆవిడ.

ప్రూఫు దిద్దుతున్న డేగకన్ను పెన్ను బల్ల మీద పడేసింది. "మంచినీళ్ళు తాగండి. లేదంటే బయటికెళ్ళి తనివితీరా దగ్గి రండి."

"అయిపోయిందమ్మా. ఈ లైను ఇంకోసారి చదవనా?"

"చదవండి. ఏం చేస్తాం!"

ఆవిడ అసలు రాతప్రతి చూసి పైకి చదివింది. డేగకన్ను తన ముందున్న ప్రూఫు మీద వేలు పెట్టి సరిచూసుకుంది. పన్నెండు ఉండాల్సిన చోట ఇరవై ఉంది. ఎర్రసిరాతో దిద్దింది.

ఈ దగ్గు లేకపోతే మొదటిసారే పట్టేదాన్ని, అనుకుంది.

అది ప్రెస్సులో ప్రూఫులు దిద్దే గది. ఒకరు పైకి చదవాలి, బల్లకు ఇవతల కూర్చున్నవాళ్ళు దిద్దాలి. దిద్దే కుర్చీలో ఎనిమిదేళ్ళుగా ఆమే. ఆమె కంటపడకుండా ఒక్క తప్పూ పోదని ప్రెస్సంతా డేగకన్ను అని పిలుస్తుంది. ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా గర్వం.

చదివే ఆవిడ రెండు నెలల క్రితం రోజుకూలికి వచ్చింది. యాభై ఐదేళ్ళ మనిషి. డేగకన్ను ఆవిడకు దగ్గులమ్మ అని పేరు పెట్టింది.

నిజానికి ఆమె చిరాకంతా దగ్గు మీదే కాదు.

నలభై ఏడేళ్ళ ఒంట్లో ఏదో తిరగబడింది. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి ముఖానికి ఎక్కుతుంది, జాకెట్టు తడిసిపోతుంది. నెలసరి రెండు నెలలు జాడ ఉండదు, వచ్చిందా పది రోజులు వదలదు. నిద్ర మూడు గంటలు. కళ్ళజోడు చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. మొన్న కూతురు గ్లాసు జారవిడిచిందని ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, తర్వాత స్నానాల గదిలో కూర్చుని ఏడ్చింది.

"వయసు. అదే సర్దుకుంటుందిలే," అన్నాడు భర్త, పేపరు మీంచి తలెత్తకుండా.

మతి పోతోందేమోనని ఆమె భయం. పైకి తెలిస్తే కుర్చీ పోతుంది.

సెగ లేచినప్పుడల్లా దగ్గులమ్మ టేబుల్ ఫ్యాను ఇటు తిప్పేది. "నాకు గాలి పడదమ్మా, మీరే ఉంచుకోండి."

ఒక రోజు మెల్లగా అడిగింది. "నిద్ర పడుతోందా అమ్మా?"

"నా నిద్ర సంగతి మీకెందుకండీ? కందకు లేని దురద కత్తిపీటకా!"

"కందకు దురద ఉందనే అడుగుతున్నా." దగ్గులమ్మ నవ్వి ఒక చీటీ అందించింది. "దీనికి వైద్యం ఉందమ్మా. ఈ డాక్టరమ్మ దగ్గరికెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి."

డేగకన్నుకు ఒళ్ళు మండింది. తన లోపం ఈవిడకు తెలిసిపోయిందన్నమాట! చీటీని సొరుగులో విసిరి, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడ దగ్గుతో నా పని పాడవుతోంది సార్. మనిషిని మార్చండి."

మేనేజరు ప్రెస్సుకు కొత్త. ఎనిమిదేళ్ళుగా ఉన్న డేగకన్ను మాటకు ఎదురేముంది? సాయంత్రానికి దగ్గులమ్మను పొమ్మన్నాడు.

ఆవిడ సంచీ భుజాన వేసుకుని, పోతూ పోతూ ఫ్యాను డేగకన్ను వైపు తిప్పింది.

"చీటీ మాత్రం పారెయ్యకండమ్మా."

కొత్తగా వచ్చినావిడ దగ్గదు, ఆగదు, గడగడా చదువుకుపోతుంది. పది రోజుల్లో ఆస్పత్రి వాళ్ళ పుస్తకం పూర్తయింది. పసిపిల్లలకు ఏ మందు ఎంత పట్టాలో చెప్పే పుస్తకం.

అచ్చయిన మొదటి కాపీ ఆస్పత్రి నుంచి తిరిగొచ్చింది. పదకొండు తప్పులు. ఒకచోట 0.5లో చుక్క ఎగిరిపోయి అర చెంచా కాస్తా ఐదు చెంచాలైంది.

"పంచకముందే చూశారు కాబట్టి సరిపోయింది," అన్నాడు మేనేజరు. "మీకేమైందండీ? పోయిన నెల దాకా ఒక్క తప్పు లేదు కదా!"

ఆమె పాత ప్రూఫులు తీసి ముందేసుకుంది. ఎర్రసిరా పడిన ప్రతిచోటా ఒక దగ్గు గుర్తొచ్చింది. ఇక్కడ దగ్గింది. ఇక్కడ ఆగి నీళ్ళు తాగింది. ఇక్కడ ఇంకోసారి చదవనా అంది.

దిద్దింది తను. పట్టింది ఆవిడ.

ఆడలేక మద్దెల ఓడన్నది తనేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. సొరుగులోంచి చీటీ తీసింది.

డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విని, బీపీ చూసి, రక్తపరీక్షలూ స్కానింగూ రాసింది.

"మతి పోవడం కాదమ్మా ఇది. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్ళు ఇలా ఉంటుంది. సెగలు, నిద్ర పట్టకపోవడం, మరుపు, కోపం అన్నీ దాంతో వచ్చేవే. మందులున్నాయి. మీ ఒంటికి ఏది సరిపడుతుందో చూసి ఇస్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

ఆమె పరీక్షల చీటీ తీసుకుని లేచింది.

మూడు నెలలకు నిద్ర దారిలో పడింది. కూతురు మళ్ళీ దగ్గరికొచ్చి కూర్చుంటోంది.

ఆ కబురు దగ్గులమ్మకు చెప్పాలనిపించింది. కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తీసుకురావాలనుకుంది. ఆవిడ చిరునామా ఎవరి దగ్గరా లేదు. చివరికి బైండింగు మేస్త్రిని అడిగింది. ముప్పై ఏళ్ళుగా అక్కడే పుస్తకాలు కుడుతున్న మనిషి.

"తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. ఏ ఊరో చెప్పలేదు."

"ఒక్కటి అర్థం కావట్లేదు బాబాయ్. ఎదుటి కుర్చీలోంచి చూస్తే ప్రూఫు తలకిందులుగా ఉంటుంది కదా. తప్పులెలా పట్టింది?"

మేస్త్రి సూది ఆపాడు.

"ఇరవై రెండేళ్ళు ఆ పనే చేసిన మనిషమ్మా! మీకంటే ముందు ఆ కుర్చీ ఆవిడదే. సరిగ్గా మీ వయసులోనే తప్పులు దొర్లడం మొదలైంది. మతి పోయిందనుకుని, ఎవరూ పొమ్మనకుండానే రాజీనామా రాసిచ్చింది. అది ఒంట్లో మార్పేనని, వైద్యముందని తెలిసేసరికి కుర్చీలో మీరున్నారు."

"ఈ మాట నాకెవరూ చెప్పలేదేం?"

"ఆవిడే వద్దంది. 'అన్నా, చెప్పకు. ఆ పిల్ల బెదిరిపోతుంది' అంది."

మేస్త్రి మళ్ళీ సూది అందుకుని మెల్లగా అన్నాడు: "మేం డేగకన్ను అని మొదట పిలిచింది ఆవిడనేనమ్మా."