తెగిపోతున్న లైను

మా కలరా వార్డులో సెలైన్ సాయంత్రానికి అయిపోతుంది. రాజధాని లుసాకాలోని మందుల గోదాము వాళ్లు ఈమెయిల్‌లో పంపిన ఆర్డరే తీసుకుంటారు.

ఈమెయిల్ పంపడానికి కంప్యూటర్ మోడెమ్ ఫోను లైను మీద డయల్ చేసిన ప్రతిసారీ లైను తెగుతోంది. లుసాకా నుంచి వచ్చిన ఇంజినీరు చిలేషే లినక్స్ సెట్టింగులన్నీ మూడోసారి మార్చాడు.

"మొద్దుల మధ్య పెడితే ఏ యంత్రమైనా మొద్దే అవుతుంది," అన్నాడు.

అప్పుడే టెలిఫోన్ ఆపరేటరు నమసికు వచ్చింది. ఆస్పత్రి నుంచి బయటికి వెళ్లే ప్రతి ఫోనూ ఆమే కలపాలి.

"ఈ గదిలోంచి ఫోను చేసేదెవరు? బాగున్నారా అని అడుగుతుంటే కీచుమని అరుస్తున్నారు. పొద్దుట్నించీ నేనే పెట్టేస్తున్నా."

చిలేషే నవ్వాడు. "అది మోడెమ్. మనిషనుకున్నావా?"

"ఈసారి కలుపుతాలెండి. మూడు రోజుల్నించి నా బల్ల ముందునుంచే పోతున్నారు, ఒక్క పలకరింపు లేదు. మీరేననుకున్నా."