చప్పుడు లేని లారీ

లారీ చప్పుడు పోగొట్టవద్దని అంబుజం తమ వాకిట్లో మెకానిక్ ఏళుమలైని బతిమాలుతోంది.

అది 1994. వేలూరులో కొత్త కట్టడాలు లేస్తున్న రోజులు. ఆమె భర్త రంగస్వామి గుడియాత్తం బట్టీల నుంచి అక్కడికి ఇటుకలు తోలేవాడు. దొరికినన్ని ట్రిప్పులు వేసేవాడు. ఇంటికి ఏ వేళకు వస్తాడో అతనికే తెలియదు.

అంబుజానికి మాత్రం ముందుగా తెలిసేది. లారీ ఇంజన్‌కు డీజిల్ అందించే పంపు టైమింగు కొద్దిగా ముందుకు జరిగింది. పిస్టన్ పైకి చేరకముందే డీజిల్ మండేది. అందువల్ల ఇంజన్ సుత్తితో కొట్టినట్టు మోగేది. లారీ రైల్వే గేటు దాటగానే ఆ మోత ఇంటికి వినబడేది. అక్కడి నుంచి వాకిలికి నాలుగు నిమిషాలు.

"ఆ సత్తం అట్నే ఉండనీ నాయనా. అది విన్నాకనే నేను పెనం పెడతా. దోసె వేడిగా లేకుంటే ఆయన కోపం నీకు తెలుసు గదా."

ఏళుమలైకి తెలుసు. అతని నుదుటి మీది మచ్చ రంగస్వామి విసిరిన స్పానరుదే. అయినా ఇలాగే వదిలేస్తే పిస్టన్ పగులుతుందని నచ్చజెప్పాడు. రైల్వే గేటు దగ్గర హారన్ కొట్టమంటే సరిపోతుంది కదా అన్నాడు.

"ఆయన హారన్ కొట్టడు."

మెకానిక్ పనిలోకి దిగాడు. మొదటి సిలిండరుకు వెళ్ళే సన్న గొట్టం విప్పాడు. ఇంజన్‌ను కడ్డీతో కొంచెం కొంచెంగా తిప్పుతూ డీజిల్ బొట్టు ఎక్కడ ఆగుతుందో చూశాడు. బోల్టులు వదులు చేసి, పంపును గోరంత వెనక్కి తిప్పి బిగించాడు.

క్షవరం చేయించుకుని వచ్చిన రంగస్వామి ఇంజన్ స్టార్ట్ చేసి విన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"పిల్లి మాదిరి ఉండాది రా. ఇంక నేను వచ్చి వాకిట్లో నిలబడినా ఎవురికీ తెలీదు."

మాట ఏళుమలైతో. చూపు అంబుజం మీద.

మెకానిక్ వెళ్ళిపోయాడు. లారీ ఎలా లాగుతుందో చూద్దాం, ఎక్కమన్నాడు రంగస్వామి. పొయ్యి మీద పని ఉందంది అంబుజం. అతను తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎక్కింది.

తొరపాడి దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. రైల్వే గేటు దాటాక అంబుజం అంది.

"ఒక తూరి హారన్ కొట్టండి. మేకలు అడ్డం వస్తా ఉండాయి."

రోడ్డు ఖాళీగా ఉంది. రంగస్వామి ఆమె వైపు ఒకసారి చూశాడు. హారన్ కొట్టలేదు.

లారీ వాకిట్లో మెత్తగా ఆగింది. వంటింట్లో గిన్నె కదిలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

ఎప్పటిలాగే దూరం నుంచి లారీ పోవడం చూసి పెరటి దారిన వచ్చి, ఇంజన్ మోత వినబడగానే వెళ్ళిపోవచ్చన్న ధైర్యంతో లోపల అన్నం తింటున్నది, మళ్ళీ గడప తొక్కితే నరికేస్తానని రంగస్వామి ఏడాది కిందట వెళ్ళగొట్టిన కూతురు మీనా.