ముందు కొలత, తర్వాత పానా

మధ్యాహ్నం మూడుంపావు. కారుకు వెనక పొట్టి స్ప్రింగులు వేయడం పూర్తయింది. బండి కిందికి దిగింది. దిగడంతో పాటు ఎడమ చక్రం లోపలికి పోయింది, కుడి చక్రం బయటికి వచ్చింది.

కారు సొంతదారు షెడ్డు మేస్త్రీకి బావమరిది. మడ్‌గార్డు అంచు నుంచి నట్టు కట్టిన దారం వేలాడదీసి, దారానికీ టైరుకూ మధ్య టేపు పెట్టాడు. ఎడమ పక్క ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. కుడి పక్క పదిహేడు.

"బావా, సగానికి సగం తేడా."

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఉంటుంది. ఇరుసును బాడీకి అడ్డంగా పట్టుకునే రాడ్డు ఉంది చూడు. బండి దిగితే దాని వాలు మారుతుంది. మారితే ఇరుసును పక్కకు తోస్తుంది. దించమని నా ప్రాణం తీసిందెవరు?"

"స్ప్రింగుల డబ్బాలో కాగితం ఉంది. మూడు మిల్లీమీటర్లు జరుగుతుందని రాశారు. ఇది నడిమధ్య నుంచి ఎనిమిదిన్నర జరిగింది, దాదాపు మూడింతలు."

"ఆ కాగితం రాసినవాడు జన్మలో పానా పట్టాడా?"

తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న బావమరిది అక్క నవ్వింది. భర్తకు టీ తెచ్చి, తమ్ముడున్నాడని ఆగిపోయింది.

"పాత స్ప్రింగులు విప్పకముందు ఎంతుండేది?" అడిగాడు బావమరిది.

"కొలవలేదు."

"నువ్వా? కొలవలేదా?"

మేస్త్రీ వెనక గోడ మీద ఎర్ర రంగుతో 'ముందు కొలత, తర్వాత పానా' అని రాసి ఉంది. రాయించింది ఆయనే.

"సరిగ్గా ఉన్న బండికి కొలతేంట్రా? నేను ఏరి నీకు అమ్మిన బండి. రెండేళ్ళలో ఒక్క పంక్చరైనా పడిందా? స్టెప్నీ మొహం ఎలా ఉంటుందో చూశావా అసలు?"

"చూడలేదు."

"అదీ!"

బావమరిది టేపు చుట్టలేదు. "మొన్న టైర్లకు గాలి కొట్టేవాడు ఒక మాటన్నాడు బావా. ఈ బండి ఎప్పుడో గుద్దుకుందట. వెనక భాగం లాగి సరిచేసినట్టుందట."

మేస్త్రీ గుడ్డ పక్కన పడేశాడు. "గాలి కొట్టేవాడి నోట్లోంచి గాలి కాక ఇంకేమొస్తుంది?"

"నేననట్లేదు. వాడన్నాడు."

"నువ్వు మోసుకొచ్చావుగా! ఇదిగో, మీ అక్క ఎదురుగానే చెప్తున్నా. ఇది గుద్దిన బండని తేలితే ఈ షెడ్డు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి నేను ఇంట్లో కూర్చుంటా. తేలకపోతే నువ్వు ఆ గాలివాడి దగ్గరికెళ్ళి, మా బావ అబద్ధమాడడని నలుగురూ వినేలా చెప్పి రావాలి. సరేనా?"

"తాళాల దాకా ఎందుకండీ?" అంది అక్క. తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆయన పరాయివాళ్ళకే అబద్ధం చెప్పరు. నీకు చెప్తారా?"

బావమరిది తల వంచుకున్నాడు. "సరే అక్కా."

పొడవు మార్చుకునే రాడ్డు ఒకటి అరలో ఉంది. పాతది తీసి అది బిగించారు. కారు షెడ్డులో రిపేర్ల కోసం తవ్విన గోతి మీదే ఉంది. మేస్త్రీ గోతిలోకి దిగి రాడ్డు మీది నట్టు తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పిన ప్రతిసారీ బావమరిది చేత డిక్కీ నొక్కించి బండిని ఊపించాడు. స్ప్రింగులు కుదురుకున్నాకే టేపు పెట్టమన్నాడు.

"ఎంత?"

"ఎడమ ముప్పై, కుడి ఇరవై ఒకటి."

"ఇప్పుడు?"

"ఇరవై ఏడు, ఇరవై నాలుగు."

"ఇప్పుడు?"

బావమరిది ఎడమ పక్క చూశాడు, కుడి పక్క చూశాడు, మళ్ళీ ఎడమకు వచ్చాడు. "ఇరవై అయిదున్నర. రెండూ!"

"చూశావా?" గోతిలోంచి మేస్త్రీ గొంతు పైకి లేచింది. "ఇరుసు నడిమధ్యలో కూర్చుంది. గుద్దిన బండైతే కూర్చుంటుందా?"

"తప్పయింది బావా."

"నాకు కాదు, గాలివాడికి చెప్పు. నేను లాక్‌నట్టు బిగిస్తున్నా, నువ్వు ఈలోగా కొలత రాసెయ్. పసుపు మార్కర్ బల్ల మీదుంది."

"ఎక్కడ రాయను?"

"బండి మీదే. నేను చెయ్యి పెట్టిన ప్రతి ఇరుసు కొలతా ఆ బండి మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కటి తప్పలేదు. నిద్రలో చేసినా రాసే లేస్తాను. రేపు ఇంకెవడో విప్పితే వాడికి తెలియాలిగా."

"అవునులే. ఎక్కడో చెప్పు."

"ఎప్పుడూ రాసేచోటే. స్టెప్నీ కింద, రేకు మీద."

బావమరిది డిక్కీ తెరిచాడు. చాప తీశాడు. మర విప్పి స్టెప్నీని ఎత్తి నేల మీద పెట్టాడు. మార్కర్ మూత తీశాడు. రాయలేదు.

"అక్కా, ఒకసారిలా రా."

అక్క వచ్చి కళ్ళజోడు సవరించుకుని డిక్కీలోకి వంగింది.

"రాత మీ బావదే," అంది.

గోతిలో పానా చప్పుడు ఆగిపోయింది.

రేకు మీద పసుపు రంగు అక్షరాలున్నాయి. ఆవిడ పైకే చదివింది. "ఎడమ ముప్పై ఒకటి. కుడి ఇరవై. లారీ గుద్దిన బండి. ఎంత లాగినా ఇంతకన్నా రాలేదు."

కింద తేదీ ఉంది. బండిని బావమరిదికి అమ్మడానికి తొమ్మిది రోజుల ముందుది.

అక్క గోతి అంచుకు వెళ్ళి, వంగి కిందికి చెయ్యి చాపింది.

"తాళాలివ్వండి."