నల్లతెర

“ఒప్పుకోను” అంటూ మూడోసారి మెయిల్ వచ్చింది.

ఇర్షాద్ కుర్చీ వెనక్కి తోశాడు.

కోడ్ రాసింది తను. తప్పొప్పులు చూసే రివ్యూయర్ హైదరాబాద్‌లో ఎక్కడో ఉన్నాడట. పేరైనా పూర్తిగా రాయడు. మెయిల్ కింద ‘ఎస్.పి.’ అని రెండక్షరాలు, అంతే. ఆ మనిషి సరే అననిదే కోడ్ మెషీన్‌లోకి ఎక్కదు.

“ఎస్పీ అంట! పోలీసు ఎస్పీకైనా ఇంత అనుమానం ఉండదు” అని గొణుక్కున్నాడు.

ఎడారి దేశంలో, అల్ ఖూజ్‌లో ఇర్షాద్ పనిచేసే చిన్న కంపెనీ క్రేన్లకు కెమెరా తెరలు బిగిస్తుంది. ఒక్కో క్రేన్‌కు రెండు కెమెరాలు. ఒకటి హుక్కు కింద మనుషులెవరైనా ఉన్నారేమో చూపిస్తుంది. ఇంకోటి వెనకవైపు జాగాను చూపిస్తుంది. రెండు వైర్లూ బోర్డు మీది రెండు కనెక్టర్లకు తగిలిస్తారు. ఏ కనెక్టర్‌ది ఏ కెమెరానో ఒక వివరణ ఫైలులో రాసి ఉంటుంది. అది చదివి హుక్కు కెమెరా బొమ్మను తెర మీదికి తేవాలి. మెషీన్‌ను నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్ లోపల ఆ పని చేసే ‘డ్రైవర్’ అనే కోడే ఇర్షాద్ రాసింది.

ఫైలులో పేర్లు లేకపోతే? మొదటి కనెక్టర్‌దే హుక్కు కెమెరా అనుకోమని రాశాడు. ఆఫీసు టేబుల్ మీద ఎప్పుడూ అలాగే తగిలిస్తారు మరి!

ఎస్.పి. ప్రతిసారీ అడిగేది ఒకటే ప్రశ్న.

“పేరు లేకపోతే తెర నల్లగా ఉంటుందా, బొమ్మ వస్తుందా?”

“బొమ్మ వస్తుంది” అని ఇర్షాద్ గర్వంగా రాశాడు.

“రాకూడదు. సైట్‌లో ఎండకు వైర్ల మీది పేర్ల స్టిక్కర్లు ఊడిపోతాయి. ఫిట్టర్లు ఏ వైరు దేనికి అందితే దానికే తగిలిస్తారు. తెర నల్లగా ఉంటే ఆపరేటర్ ఆగుతాడు. తప్పు బొమ్మ వస్తే నమ్ముతాడు.”

ఏసీ గదిలో కూర్చున్నవాడికి స్టిక్కర్ల సంగతి ఎవరు చెప్పారో!

“గురువారం మఫ్రఖ్ సైట్‌లో బిగించాలి. దయచేసి ఒప్పుకోండి” అని బతిమాలాడు.

“కింద నిలబడేవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు తొందర లేదు” అని జవాబొచ్చింది.

గురువారం తప్పితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటే వీసా. రోలాలోని ఫ్లాట్‌లో భార్య తస్లీమాకు ఇప్పుడు ఆరో నెల. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

నన్నే సాహెబ్ అని కంపెనీ ముదీర్, అంటే మేనేజర్. ఇర్షాద్ ఆయన గదిలోకి వెళ్లాడు.

“ఏమప్పా ఇర్షాదూ, అయిపాయనా పని?”

“ఆ రివ్యూయర్ సతాయిస్తా ఉండాడు సార్. మఫ్రఖ్‌వి పాత బోర్డులు, వాటి ఫైళ్లలో పేర్లు లేవు. ఆయన మాట వింటే ఒక్కో క్రేన్ ఎక్కి, వైర్లు వెతికి, పేర్లు రాయాల.”

“ఎన్ని దినాలు పడ్తాది?”

“రెండు వారాలు.”

నన్నే సాహెబ్ చెయ్యి విదిలించాడు. “ఖలాస్. ఆ మనిషిని తీసేస్తాండా. సంతకం నేను పెడ్తా. యల్లా, పో!”

ఆ సాయంత్రం ఎస్.పి. నుంచి ఆఖరి మెయిల్ వచ్చింది. “నన్ను తీసేసినా ఫరవాలేదు. ఆ ఒక్క లైను మార్చండి. దండం పెడతాను.”

ఇర్షాద్ రెండుసార్లు చదివాడు. ఎందుకో భయమేసింది. పీడ విరగడైందని సర్దిచెప్పుకుని డిలీట్ కొట్టాడు.

“ఏందండీ, గొంతు అట్టుండాది?” అని ఫోన్‌లో తస్లీమా అడిగింది.

“ఏం లేదు. పని అయిపోయింది.”

“అయిపోతే సంతోషంగా ఉండాల గదా!”

గురువారం మఫ్రఖ్‌లో తెర వెలిగింది. బొమ్మ చక్కగా వచ్చింది. పైన క్యాబిన్‌లో జమీర్ ఆపరేటర్. కింద ఇర్షాద్ వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాడు. ఇనుప చువ్వల మోపు గాల్లోకి లేచింది.

“నీచే ఖాళీ హై, కింద ఎవరూ లేరు. దించుతున్నా” అన్నాడు వాకీటాకీలో జమీర్.

ఇర్షాద్ మోపు కిందికి చూశాడు. ఖాళీ ఎక్కడ? పసుపు జాకెట్ వేసుకున్న ముసలాయన వంగి దుంగలు సర్దుతున్నాడు.

తెర మీద ఖాళీగా కనిపిస్తున్నది వెనక జాగా!

ఇర్షాద్ అరవబోయాడు. గొంతు పెగల్లేదు. వాకీటాకీ బటన్ నొక్కాలన్న సంగతి కూడా వేళ్లకు గుర్తు రాలేదు.

మోపు దిగింది.

అరుపులు విని జమీర్ మోపు పైకి లేపేసరికి ముసలాయన రెండు కాళ్లూ నలిగిపోయాయి. “యా అల్లా!” అంటూ ఇర్షాద్ ఆయన పక్కన కూలబడ్డాడు. “ఓర్చుకో పెద్దాయనా, అంబులెన్స్ వస్తా ఉండాది” అన్నాడు ఏడుస్తూ.

తెలుగు మాట విని ఆయన ఇర్షాద్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“మనోడివేనా సారూ? నా పేరు పర్శరాములు. మాది జగిత్యాల దిక్కు. జర నా బిడ్డకు ఫోన్ కొట్టు. నేను మాట్లాడితే ఏడుస్త, అది బెదురుతది. దినాం ఫోన్ జేసి సైట్ ముచ్చట్లన్ని అడుగుతది, పిచ్చిది.”

ఇర్షాద్ ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. బిడ్డ పేరు సుభాషిణి అని ఉంది. నొక్కాడు.

“అమ్మా... మఫ్రఖ్ నుంచి. మీ నాయనకు దెబ్బ తగిలింది. క్రేన్ కింద...”

“పానం ఉన్నదా?”

“ఉంది. కాళ్లకు తగిలింది.”

అవతల ఆమె గొల్లుమంది. ఇర్షాద్ ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది.

ఆమె చాలా మెల్లగా అడిగింది.

“అన్నా, అప్పుడు తెర నల్లగ ఉండెనా, బొమ్మ వచ్చిందా?”