మనవాళ్ళకు ముద్ర ఉండదు

"ముద్ర పరాయివాళ్ళకే అవ్వా. మీ ఎసెకీబో ప్రాంతం మా వెనిజులాదే. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి వస్తే ముద్రెందుకు?" అంటూ సార్జెంట్ యోర్మన్ సరిహద్దు చౌకీ గోడమీది దేశపటం చూపించాడు. నది అవతలి గయానా నేల కూడా అందులో కలిసిపోయి ఉంది.

ఎర్మినా అవ్వ అప్పుడే పడవ దిగి, గయానా పాస్‌పోర్టు చాపి నిలబడింది. "ముద్ర లేకపోతే దారిలో పోలీసులు వెనక్కి తోలేస్తారురా. ఎల్లుండే మనవరాలి బాప్తిస్మం."

"మనవాళ్ళని ఎవరాపుతారు?"

"సరే, మనవాళ్ళమే." అవ్వ బుట్ట దించి కుర్చీ లాక్కుంది. "మీ సర్కారు ఇంటింటికీ ఇచ్చే రేషన్ పెట్టె నాకూ ఇప్పించు. బియ్యం, నూనె, పాలపొడి. అది తీసుకునే కదులుతాను."

యోర్మన్ గొంతు తగ్గించాడు. "నాలుగు నెలలుగా మా ఇంటికే రాలేదవ్వా."

అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. బుట్టలోంచి కర్రపెండలం రొట్టె తీసి బల్లమీద పెట్టింది.

"అయితే ఆ ముద్ర ముందు నువ్వేసుకో నాయనా. తరవాత నాకు వేద్దువుగాని."

యోర్మన్ రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు. ముద్ర అందుకుని, సిరా ఉందో లేదోనని అలవాటు కొద్దీ ముందు తన అరచేతిమీదే నొక్కి చూసుకున్నాడు.