ముందుపళ్ళు నాలుగు

“మెట్ల మీంచి పడిందమ్మా,” అన్నాడు పెద్దాయన, దుబాసీ ప్రశ్న పూర్తి చెయ్యకముందే.

దుబాసీ ఆ మాటను డాక్టరమ్మ భాషలో చెప్పింది. ఆ పళ్ళాసుపత్రిలో ఆమె ఉద్యోగమే అది. సొంతదేశంలో నాలుగు పళ్ళు పెట్టించుకునే ఖర్చుతో ఇక్కడ పళ్ళూ వస్తాయి, విమానం టిక్కెట్లూ వస్తాయని సూట్‌కేసులతో దిగేవాళ్ళు చాలామంది. వాళ్ళలో తెలుగువాళ్ళుంటే ఆమెకు కబురు వస్తుంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యాలి. సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు.

కుర్చీలో ఉన్న అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పై వరసలో ముందుపళ్ళు నాలుగూ విరిగిపోయి, చిగుళ్ళలో మొదళ్ళు మాత్రం మిగిలాయి. నోరు తెరవాల్సి వచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తెరిచే అవసరం కూడా ఎక్కువ రావడం లేదు. అన్నిటికీ పెద్దాయనే జవాబిస్తున్నాడు.

“మీ అమ్మాయా?”

ఆయన ఒక్క క్షణం ఆగాడు. “మా అమ్మాయే.”

“పడి ఎన్నాళ్ళయింది?”

“రెండు నెలలు.”

“అంతకుముందు ఎప్పుడైనా మొహానికి దెబ్బ తగిలిందా?”

“లేదు.”

డాక్టరమ్మ చెయ్యబోయేది వివరించింది. ముందు విరిగిన మొదళ్ళు తీసేసి, ఎముకలో నాలుగు స్క్రూలు బిగిస్తారు. ఎముక వాటిని పట్టుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది. అప్పుడు మళ్ళీ వస్తే పళ్ళు అమరుస్తారు. “ఆ నాలుగు నెలలూ నోటికి చిన్న దెబ్బ కూడా తగలకూడదు,” అంది దుబాసీ.

“తగలదు,” అన్నాడు పెద్దాయన, అమ్మాయి వైపు చూడకుండా.

ఆయన జేబులో ఫోను మోగింది. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. గుమ్మం దాకా వెళ్ళి గొంతు తగ్గించాడు. “మోకాళ్ళ డాక్టరు దగ్గరున్నాను... అది గదిలో నిద్రపోతోంది. లేచాక చేయిస్తాలే.”

అమ్మాయి నిద్రపోవడం లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని ఆ మాటలన్నీ వింటోంది. దుబాసీకి పొద్దున్న కౌంటరు దగ్గర చూసింది గుర్తొచ్చింది. పెద్దాయన పాస్‌పోర్టులు రెండూ చొక్కా లోపలి జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ అక్కడే పెట్టుకుని పిన్నీసు గుచ్చుకున్నాడు.

ఎక్స్‌రేకి పిలిచారు. ఆయనా లేచాడు.

“రోగి ఒక్కరే రావాలి. ఎలా నిలబడాలో చెప్పడానికి నేను ఉంటాను,” అంది దుబాసీ.

“నేను పక్కన లేకపోతే అది...”

“కుదరదండీ.”

తెర మీద పడిన బొమ్మను డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కింది దవడ ఎడమవైపు ఒకసారి విరిగి వంకరగా అతుక్కుంది. అదే వైపు చెంప ఎముక మీద ఇంకో రెండు గీతలు ఉన్నాయి. “ఇవన్నీ ఒకనాటివి కావు. మెట్లు మనిషిని మూడుసార్లు ఒకే చెంప మీద కొట్టవు. ఈ మాట ఆమెకు చెప్పు,” అంది.

దుబాసీ చెప్పింది. చెప్పి, అన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి తన మాట కలిపింది. “ఇక్కడ నీకేం భయం లేదమ్మా. కొట్టింది బయట కూర్చున్న ఆయనేనా?”

అమ్మాయి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. “ఆయన్ని ఏమీ అనకండి! నాకు ఆయన తప్ప ఎవరూ లేరు,” అంది. ఆపైన ఏడుపు మాట రానివ్వలేదు.

దెబ్బలు తిన్నవాళ్ళు అనే మాటే, అనుకుంది దుబాసీ. విసురుగా బయటికి వచ్చింది.

“ఆ అమ్మాయి పాస్‌పోర్టు ఇటివ్వండి.”

“ఎందుకమ్మా?”

“డాక్టరమ్మకు తెలిసిపోయింది. ఆ దవడ మెట్ల మీంచి పడి విరిగింది కాదు. పోలీసులకు చెబుతాం.”

పెద్దాయన పిన్నీసు తీసి, ఆ పాస్‌పోర్టు ఆమెకు అందించాడు.

“దాని చేతికే ఇవ్వు తల్లీ. కొట్టినవాడికి నా మోకాళ్ళ వైద్యమని చెప్పి తీసుకొచ్చాను. దారిలో భయపడి వెనక్కి వెళ్ళిపోతుందేమోనని దాచాను. పోలీసులకు చెప్పండి. ముందు మాత్రం అవి కొట్టడం వల్ల విరిగినవేనని డాక్టరమ్మను ఒక కాగితం రాసిమ్మనండి. మా ఊళ్ళో నలుగురి దగ్గరికి తిప్పాను. పళ్ళు పెడతామన్నారు. కాగితం అడిగేసరికి ‘సంసారంలో ఇవన్నీ మామూలే, సర్దుకోమనండి’ అన్నారు.”

దుబాసీ గొంతులో కోపం నీరుగారిపోయింది. “మరి మెట్లని ఎందుకు చెప్పారు?”

“మూడేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నానమ్మా. నోటికి అలవాటైపోయింది. పరువు పోతుందని పంటి బిగువున ఊరుకున్నాను. నేను మొదటిరోజే నోరు విప్పి ఉంటే దాని నోరు ఇలా అయ్యేది కాదు.”

అమ్మాయి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. దుబాసీ పాస్‌పోర్టు ఆమె ఒళ్ళో పెట్టింది. వెనకాలే డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. దెబ్బలు ఎన్ని, ఎక్కడ అన్నవన్నీ రాసేసింది. ఎవరు కొట్టారన్న చోట కలం ఆగింది. అమ్మాయి పెద్దాయన వైపు చూసింది.

“నేను చెబుతాను. ఆ బరువు దాని మీద వద్దు,” అన్నాడు పెద్దాయన. “రేపు కోర్టులోనూ నేనే చెబుతాను.”

“అయితే మీ అల్లుడి పేరు చెప్పండి, రాస్తారు,” అంది దుబాసీ మెల్లిగా.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

“అల్లుడు కాదమ్మా, నా కొడుకు.”